చరిత్ర తేదీల పేపర్ల కోసం నెల్లూరులో ఒక కొట్టు

నెల్లూరులో పాత పేపర్లు కొనే కొట్లకు కొదవ లేదు. అయితే అవన్నీ కాటా మీద పెట్టి, కిలోల లెక్కన కట్టలు కట్టి పంపించేసేవే. తేదీ చూసి పేపరును పక్కన పెట్టి, ఆ తేదీకి ధర కట్టి అమ్మే కొట్టు నా ఎరుకలో ఒక్కటే ఉంది. ట్రంకు రోడ్డు నుంచి చిన్న బజారు వైపు తిరిగే సందుల్లో, పాత పుస్తకాలూ నాణేలూ స్టాంపులూ అమ్మే ఈ కొట్టుకు పేరు పలక కూడా లేదు. గడచిన ఏడాదిన్నరలో ఆరుసార్లు వెళ్లి ఐదు పత్రికలు కొన్నాను. చారిత్రక దినాల పేపర్లు సేకరించేవారికి పనికొస్తుందని ఈ అనుభవం రాస్తున్నాను.

నేను మొదట అడిగింది పొట్టి శ్రీరాములు గారి మరణవార్త ఉన్న పేపరు. మూలాపేట వేణుగోపాలస్వామి ఆలయంలో హరిజనుల ప్రవేశం కోసం 1946లో ఆయన నిరాహారదీక్ష చేసిన ఊరు మాది. ఇప్పుడు జిల్లాకు ఆయన పేరే ఉంది. అందుచేత నా సేకరణ ఆ పేపరుతోనే మొదలు కావాలని కోరుకున్నాను. కొట్టాయన వెంటనే కట్టలు దించలేదు. "మీకు కావాల్సింది పదహారో తేదీదా సార్, పదిహేడో తేదీదా?" అని అడిగారు. ఆ ప్రశ్న విన్నప్పుడే సరైన చోటికి వచ్చానని నాకు నమ్మకం కలిగింది. శ్రీరాములు గారు యాభై ఎనిమిది రోజుల దీక్ష తర్వాత 1952 డిసెంబరు 15 రాత్రి పదకొండు గంటలు దాటాక మద్రాసులో కన్నుమూశారు. ఆ కాలంలో మద్రాసులో అచ్చయ్యే పత్రికలు దూరపు ఊళ్ల కోసం ముందుగా ముద్రించి రైలెక్కించే డాక్ ఎడిషన్ వేరు, పొద్దుపోయాక ముద్రించే సిటీ ఎడిషన్ వేరు. అర్ధరాత్రి ముందు జరిగిన సంగతి సిటీ ఎడిషన్‌కు అందినా, అప్పటికే బయల్దేరిన డాక్ ఎడిషన్‌లో చేరే వీలు లేదు. కాబట్టి నెల్లూరు ఇళ్లలో దొరికే పాత ప్రతుల్లో ఆ వార్త కోసం పదిహేడో తేదీ పేపరు చూడటమే మేలని ఆయన వివరించారు. మూడు నెలల తర్వాత ఫోన్ చేసి రమ్మన్నారు. పదిహేడో తేదీ ఆంధ్రపత్రిక, నాలుగు మడతల దగ్గరా కొద్దిగా చిరిగినా పుటలన్నీ ఉన్నది, రెండు వేల రెండు వందలకు తీసుకున్నాను. ధర ఎక్కువే, కానీ ఆ పేపరు విషయంలో నాకు చింత లేదు.

తేదీల విషయంలో ఆయన పట్టింపు ఎంతటిదో 1969 జులై పేపర్లు అడిగినప్పుడు మరింత బాగా తెలిసింది. చంద్రుడి మీద మనిషి దిగిన తేదీగా అందరికీ జులై 20 గుర్తుంటుంది కనుక ఆ తేదీ పేపరు ఇమ్మన్నాను. "ఇరవయ్యో తేదీ దాంట్లో బ్యాంకుల సంగతి ఉంటది సార్. చంద్రుడి మీద కాలు పెట్టిన వార్త ఇరవై రెండో తేదీ దాంట్లో చూడాల" అన్నారు. ఇంటికొచ్చి లెక్క చూసుకుంటే అక్షరాలా నిజం. పద్నాలుగు బ్యాంకుల జాతీయీకరణను ప్రకటించింది జులై 19 రాత్రి. అపోలో 11 చంద్రుడి మీద వాలింది మన గడియారం ప్రకారం 21వ తేదీ తెల్లవారుజామున 1 గంట 47 నిమిషాలకు. ఆర్మ్‌స్ట్రాంగ్ కాలు మోపింది అదే ఉదయం 8 గంటల 26 నిమిషాలకు. అప్పటికి ఆ రోజు పేపరు పాఠకుల చేతుల్లోకి వచ్చేసి ఉంటుంది. అమెరికా తేదీ పట్టుకుని వెతికేవారు చేతికొచ్చిన పేపరును జారవిడుచుకోవడానికి ఇదే కారణం. చివరికి 20, 21, 22 మూడు రోజులవీ కలిపి పదిహేను వందలకు కొన్నాను. ఆ మూడింటినీ వరసగా పరిచి చదివితే, రెండు రోజుల వ్యవధిలో దేశానికీ లోకానికీ ఎంత పెద్ద సంగతులు వచ్చిపడ్డాయో కళ్లకు కట్టినట్టుంటుంది.

ఇంత పాత పేపర్లు ఆయనకు ఎక్కడ దొరుకుతాయన్నది చాలామంది అడిగే ప్రశ్న. ఎవరూ చరిత్ర కోసమని దాచినవి కావవి. ట్రంకు పెట్టెల అడుగున పరిచినవి, గోడ గూళ్లలో వేసినవి, పెళ్లి ఫోటోల పటాల వెనక అట్టకు మద్దతుగా పెట్టినవి ఎక్కువ. పాత ఇళ్లు పడగొట్టేటప్పుడు సామాను కొనేవాళ్లు అలాంటివి ఆయనకు చేరవేస్తారు. నేను నాలుగు వందలకు కొన్న 1980 జులై 19 నాటి పేపరు సూళ్లూరుపేటలో ఒక ఇంటి దేవుడి గూట్లోంచి వచ్చిందట. ముందు రోజు ఉదయం శ్రీహరికోట నుంచి ఎస్‌ఎల్‌వి-3 రాకెట్టు రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టిన వార్త అందులో ఉంది. పై అంచున వేలిముద్రంత కుంకుమ మరక ఉంది. విప్పితే ఇప్పటికీ కర్పూరం వాసన వస్తుంది. ఆ మరక వల్ల విలువ తగ్గిందని ఆయన యాభై రూపాయలు తగ్గించారు. నాకు మాత్రం ఆ మరకే ముద్దు.

నకళ్ల విషయంలోనూ ఈ కొట్టు మీద భరోసా ఉంచవచ్చు. అంతకుముందు వేరే చోట ఒక అమ్మకందారు దగ్గర 1947 ఆగస్టు 15 పేపరని చెప్పగా నమ్మి కొని నేను మోసపోయాను. అది తర్వాతెప్పుడో ముద్రించిన నకలు. దాన్ని ఈయన ట్యూబులైటు కింద ఏటవాలుగా పట్టి చూపించారు. సీసపు అక్షరాలతో అచ్చైన పాత కాగితం వెనక తరచూ వేలికి తగిలే ఒత్తిడి దీనికి లేదు. పైగా మడత గీత సిరాతోనే అచ్చై ఉంది, అంటే ఎవరో మడతపడిన అసలు ప్రతిని ఫోటో తీసి వేశారన్నమాట. లోపలి పుటల్లో ఆనాటి ప్రకటనలు లేవు. తన దగ్గరున్న నకళ్ల మీద ఆయన నీలి పెన్సిలుతో 'నకలు' అని రాసి వేరే పెట్టెలో ఉంచుతారు, ఒక్కొక్కటి యాభైకి ఇస్తారు.

ఇక లోపాలు. అవి చిన్నవేమీ కావు. 1977 నవంబరు ఉప్పెన వార్తలున్న పేపరు ఒకటి ఎంతో ఆశతో చూసి తిరిగి ఇచ్చేశాను, ఎందుకంటే చిరుగులకు సెల్లోటేపు వేసేశారు. ఆ జిగురు కాగితంలోకి ఇంకి గోధుమరంగు పట్టీలై అక్షరాలను మింగేసింది. పేపరు అసలే చెక్కగుజ్జుతో చేసిన కాగితం. వెలుతురు తగిలితే పసుపెక్కుతుంది, కాలం గడిస్తే పెళుసెక్కుతుంది. దానికి టేపూ లామినేషనూ తోడైతే ఇక బాగుచేసే దారి ఉండదు. అయినా కొనేవాళ్లకు లామినేషన్ చేసి ఇస్తామని ఆయన ఇప్పటికీ చెబుతున్నారు. వద్దని రెండుసార్లు గట్టిగానే చెప్పాను. పేపర్లు చుట్టచుట్టి రబ్బరు బ్యాండు వేసి ఇవ్వడం మరో తప్పు. పాత మడత మీద కొత్త వంపు పడితే కాగితం అక్కడే విరుగుతుంది. కార్తీక మాసపు వానల్లో కొట్టు గోడలకు చెమ్మ దిగుతుంది, కింది వరస కట్టలకు బూజు వాసన వస్తుంది. అంత తెలిసిన మనిషి నిల్వ విషయంలో ఇంత అశ్రద్ధ చేయడం నాకు నిజంగా బాధ కలిగించింది.

ఇక్కడ దొరకనివీ ఉన్నాయి. స్వాతంత్య్రానికి ముందు దినపత్రికలు దాదాపు రావు. మన ఊరి వారపత్రిక జమీన్ రైతు పాత సంచికలు అప్పుడప్పుడు విడివిడిగా వస్తాయి, వరస మాత్రం కుదరదు. కొనే ముందు అసలు ప్రతి ఎలా ఉంటుందో పోల్చుకోవాలంటే 1918లో స్థాపించిన వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయానికి వెళ్లి రావడం ఉత్తమం. అక్కడి పాత పత్రికలు అమ్మకానికి కావు, కానీ ఒక పూట కూర్చుని ఆనాటి పుటల పరిమాణమూ అక్షరాల తీరూ చూసుకుంటే కొట్టులో కన్ను మోసపోదు.

నేను చివరిసారి వెళ్లినప్పుడు 1953 అక్టోబరు 1, 2 తేదీల పేపర్లు కావాలని చెప్పాను. ఆంధ్ర రాష్ట్రం అవతరించి, ప్రకాశం పంతులు గారు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన రోజువి. ఆయన తన పొడుగాటి లెక్కల పుస్తకంలో నా పేరు ఎదుట రెండు తేదీలూ రాసుకుని, డాక్ ఎడిషనైనా పర్వాలేదా అని అడిగి అదీ రాసుకున్నారు. ఫోన్ వచ్చిన రోజున పేపరు మడత విప్పి పెట్టుకునేంత అట్ట ఫైలు నేనే తీసుకెళ్తాను. వెళ్లదలచినవారు కూడా వానలు తగ్గాక, అలాంటి ఫైలు ఒకటి చంకన పెట్టుకుని వెళ్లండి.