లాకింగ్ స్క్యూయర్ అని నమ్మి కొన్నా, ముందు చక్రం పోయింది. నెల్లూరు సైకిలు వాళ్ళు జాగ్రత్త

షాపు పేరు రాయను, మనలో సగం మంది కొన్నది ఆయన దగ్గరే, మీకే అర్థమవుద్ది. ఒళ్ళు మండిపోతా ఉంది, తప్పులుంటే సర్దుకోండి.

నిన్న ఒంగోలులో పనుండి బండిని నెల్లూరు ఆర్టీసీ బస్టాండు దగ్గర కమ్మీకి ఆనించి, ఫ్రేమునీ వెనక చక్రాన్నీ కలిపి యూ లాక్ వేసి బస్సెక్కా. ముందు చక్రానికి గొలుసు వెయ్యలా, మూడు నెలల కిందే లాకింగ్ స్క్యూయర్లు, అదే చక్రాన్ని పట్టి ఉంచే తాళం కడ్డీలు, వేయించా కదా అని ధైర్యం. సాయంత్రం వచ్చి చూస్తే ముందు చక్రం లేదు. ఫోర్కు కొసలు రెండూ మట్టిలో దిగబడి, హ్యాండిలు ఒక పక్కకి తిరిగిపోయి ఉంది. రిమ్ము, టైరు, ట్యూబు, డిస్కు అన్నీ పోయినట్టే, మళ్ళా కొనాలంటే ఆరేడు వేలు.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. మన బండ్లకి వచ్చే క్విక్ రిలీజ్ అంటే ఇరుసు లోపల సన్న కడ్డీ, ఒక కొసన లీవరు, అంతే. కాంపన్యోలో అనే ఇటలీ ఆయన రేసులవాళ్ళు గబుక్కున చక్రం తీసుకునేదానికి తెచ్చిన ఏర్పాటు. రేసులో బానే ఉంటది, బస్టాండులో పెడితే దొంగక్కూడా అంతే సులువు. అందుకని లీవరు లేకుండా, దాని తాళంచెవికే తిరిగే కడ్డీ వేయిస్తాం.

నాకు ఆయన అమ్మింది అదే అనుకున్నా. 850 తీసుకున్నాడు. చిన్న సంచిలో తాళంచెవి పెట్టి చేతికిచ్చి, "ఇది భద్రం సార్, పోతే డూప్లికేటు యాడా దొరకదు" అన్నాడు. నేను దాన్ని ఇంటికి తెచ్చి మా ఆవిడకిచ్చి బీరువాలో పెట్టించా.

నిన్న రాత్రి చక్రం లేని బండిని ఆటోలో వేసుకోని నేరుగా షాపుకే పోయా. మీరు ఇచ్చిన తాళంచెవి ఇంట్లోనే ఉంది, దొంగ ఎట్టా తీశాడన్నా అని అడిగా. ఆయన ఏం మాట్లాడలా. బల్ల మీద గ్రీజు మరకల డబ్బాలోంచి ఒక అలెన్ కీ, అదే ఆరు పలకల పానా, తీసి, వంగి, నా వెనక చక్రం స్క్యూయర్‌లో పెట్టి తిప్పాడు. రెండు తిప్పులకి వదులైంది. మామూలు 5 సైజు అలెన్ కీ. "ఇట్టా తీసుంటాడు సార్" అన్నాడు, నా మొహం కూడా చూడలా. మరి స్పెషల్ తాళంచెవి అన్నారు కదా అంటే, "చేత్తో రాదు కదా సార్, అదే సెక్యూరిటీ. అంత ఖరీదు బండి బస్టాండులో ఎవురు పెట్టమన్నారు మిమ్మల్ని?" అని పక్కన కస్టమర్‌తో మాటల్లో పడ్డాడు. అమ్మేటప్పుడు ఆయనకి తెలుసండీ. తెలిసే, డూప్లికేటు దొరకదని నా కళ్ళలోకి చూసి చెప్పాడు. డబ్బులు పోయిందానికన్నా ఆ మాటకే నిద్ర పట్టలా.

నా తప్పూ ఉంది, ఒప్పుకుంటా. నా సీటు కింద సంచిలో ఎప్పుడూ అలెన్ కీల సెట్టు ఉంటది, అందులో 5 కూడా ఉంది. మూడు నెలల్లో ఒక్కసారన్నా పెట్టి చూసుంటే తెలిసిపోయేది. చూడలా.

అసలు లాకింగ్ స్క్యూయర్లు వేరే ఉంటాయి. పిన్‌హెడ్ వాళ్ళవి కోడు ఉన్న తాళంచెవికే తిరుగుతాయి. ఆబస్ కంపెనీ నట్‌ఫిక్స్ అయితే బండిని పక్కకి పడుకోబెడితే గానీ నట్టు తిరగదు, బండిని నిలబెట్టి కమ్మీకి లాక్ వేస్తే దొంగ పడుకోబెట్టలేడు. కొనేముందు సైజు చూసుకోండి, ముందు హబ్బు (చక్రం నడిమి భాగం) వెడల్పు 100, వెనక ఎక్కువ బండ్లకి 135 మిల్లీమీటర్లు, రిమ్ బ్రేకు రోడ్ బైకులకి 130. థ్రూ యాక్సిల్, అంటే సన్న కడ్డీ బదులు లావు ఇరుసే బయటికొచ్చే రకం, ఉంటే ఇవి అసలు ఎక్కవు. ఏదీ లేనివాళ్ళు ముందు చక్రం ఊడదీసి వెనక చక్రం పక్కన పెట్టి రెండిటికీ కలిపి లాక్ వెయ్యండి, ఇకమీదట నేనూ అదే చేస్తా.

ఈ ఆదివారం మైపాడు రైడుకి నేను రాలేను. పోయేవాళ్ళు బీచి దగ్గర బండ్లు ఆపేముందే, ఇంటి దగ్గరే, మీ స్క్యూయర్‌లో 5 సైజు అలెన్ కీ పెట్టి తిప్పి చూడండి. తిరిగితే నాకు చెప్పండి, ఎంతమందికి ఇట్టా అంటగట్టాడో లెక్క తీసుకోని అందరం కలిసే షాపుకి పోదాం.