ఎల్డర్‌ఫ్లవర్ పానీయానికి క్లిప్పు మూత సీసాలు: సీసాతో పేచీ లేదు, రబ్బరుతోనే

తీగ క్లిప్పుతో బిగించే పింగాణీ మూత ఉన్న లీటరు గాజు సీసాలను అరడజను కొని కొన్నేళ్లయింది. వాటి కొలతలూ గాజు రంగూ అమ్మకం పేజీలో ఎలాగూ ఉంటాయి కనుక వాటి జోలికి పోను. ఈ సీసాలను నేను ఒక్క పనికే వాడుతున్నాను. ఎండబెట్టిన ఎల్డర్‌ఫ్లవర్‌ను ఇంట్లోనే పులియబెట్టి గ్యాసు పానీయం చేసి వాటిలో నింపుతాను. కోనసీమ ఎండకూ తేమకూ ఈ సీసాలు ఎలా నిలిచాయో చెప్పాలంటే ఎక్కువ భాగం మూత గురించి, అందులోనూ మూత కింద ఉండే రూపాయి బిళ్ళంత రబ్బరు వాచరు గురించి చెప్పవలసి ఉంటుంది. కోపమంతా దాని మీదే.

ముందు పువ్వు సంగతి కొంత. ఎల్డర్ యూరప్‌లో కంచెల వెంట, పొలం గట్ల మీద పెరిగే చిన్న చెట్టు. మే, జూన్ నెలల్లో మీగడ రంగు పూలు గుత్తులు గుత్తులుగా పూస్తుంది. ఇంగ్లండులోనూ స్వీడన్‌లోనూ ఆ పూలను నిమ్మకాయలతో, చక్కెరతో నానబెట్టి సిరప్పు చేసుకుంటారు. రుమేనియాలో వాటినే పులియబెట్టి సొకాటా అనే పానీయం చేస్తారు. తాజా పువ్వుతో చేసేవారు చాలామంది వేరే ఈస్టు వేయరు, పువ్వును అంటిపెట్టుకుని ఉండే సహజమైన ఈస్టుతోనే అది పులుస్తుంది. అది చలి దేశపు చెట్టు. కడియం నర్సరీలలో అడిగితే ఈ ఎండలకు బతకదని మొహం మీదే చెప్పారు. కాబట్టి మనకు గతి ఎండుపువ్వే. హెర్బల్ టీ సరుకుగా ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. ఆ చెట్టు ఆకుల్లోనూ కాడల్లోనూ పచ్చికాయల్లోనూ సయనైడును పుట్టించే పదార్థాలు ఉంటాయి కనుక, పుల్లలు ఎక్కువగా కనబడే ప్యాకెట్టును నేను కొనను. ఎండుపువ్వులో ఈస్టు బతికి ఉంటుందన్న భరోసా లేదు, అందుకని బ్రెడ్డుకు వాడే ఈస్టు చిటికెడు వేస్తాను. వాసన మాత్రం ఎండినా పోదు. పాలపిండి డబ్బాలో పోసి బిగించి ఉంచిన పువ్వును ముసురు రోజుల్లో తెరిచినా పండు ద్రాక్ష వాసన గుప్పుమంటుంది.

నా కొలత ఇది. ఐదు లీటర్ల నీటికి ఆరు వందల గ్రాముల చక్కెర, నాలుగు నిమ్మకాయలు, గుప్పెడు ఎండుపువ్వు. సగం నీటిని కాచి చక్కెర కరిగించి, మిగిలిన చల్లని నీరు కలిపి, గోరువెచ్చబడ్డాక పువ్వూ నిమ్మముక్కలూ ఈస్టూ వేసి, స్టీలు బిందె మూతికి పలచని గుడ్డ కట్టి ఒకటి రెండు రోజులు వదిలేస్తాను. తరువాత వడగట్టి, మెడ దగ్గర నాలుగు వేళ్ల జాగా వదిలి సీసాల్లో నింపుతాను.

ఇక్కడ ఒక లెక్క తెలిసి ఉండాలి. లీటరు నీటిలో 4 గ్రాముల చక్కెర పూర్తిగా పులిస్తే సుమారు ఒక లీటరు కార్బన్ డయాక్సైడు పుడుతుంది. బీరులో దానికి రెండున్నర రెట్లు, షాంపేన్‌లో ఆరు రెట్లు గ్యాసు ఉంటుందంటారు. మన బిందెలో లీటరుకు 120 గ్రాముల చక్కెర ఉంది, అంటే అదంతా సీసాలోనే పులిస్తే ముప్ఫై రెట్లు. ఆ ఒత్తిడికి ఏ గాజూ నిలవదు. కాబట్టి తగినంత గ్యాసు పట్టగానే సీసాలను ఫ్రిజ్‌లోకి చేర్చి పులియడాన్ని మందగింపజేయడమే ఈ పనిలోని కిటుకు. ఆ అదను తెలుసుకోవడానికి నేను అదే బిందె నుంచి ఒక ఖాళీ కూల్‌డ్రింకు ప్లాస్టిక్ సీసాను కూడా నింపి గాజు సీసాల పక్కనే ఉంచుతాను. దాన్ని నొక్కితే వేలు దిగనంత గట్టిపడిన రోజున అన్నీ ఫ్రిజ్‌లోకి వెళ్తాయి. అలంకారానికి అమ్మే నలుచదరపు సీసాలను ఈ పనికి అసలు వాడకూడదు. మూల ఉన్న చోట గాజు ఒత్తిడికి ఓర్వదు. నావి గుండ్రటివి, అడుగు మందంగా ఉన్నవి. ఇన్నేళ్లలో ఒక్కటీ పగల్లేదు, ఆ మార్కులు సీసాకు వేయవలసిందే.

కొన్న కొత్తలో ఈ మూతను చూసి మురిసిపోయాను. రెండు బొటనవేళ్లతో తీగను పైకి నెడితే కొంత మొండికేసి, ఆ తరువాత ఒక్కసారిగా లొంగి, టప్పుమన్న చప్పుడుతో మూత పక్కకు ఒరుగుతుంది. మర మూతలకు ఆ దర్జా లేదు. మా ఊరి గోళీసోడా ఆయనకు సీసా చూపిస్తే, తిప్పి తిప్పి చూసి, "గాజు గట్టిదేనండి. మూతని పట్టుకునేది తీగే కదండీ, గ్యాసు దాన్ని పైకి తంతాదండి" అన్నాడు. అప్పుడు తేలిగ్గా తీసుకున్న ఆ మాటలో అసలు విషయమంతా ఉంది. ఇంగ్లండులో 1872లో హైరమ్ కాడ్ పేటెంటు పొందిన గోళీ సీసాలో, లోపలి గ్యాసే గోళీని పైకి నెట్టి మెడలోని రబ్బరుకు అదిమి పెడుతుంది. గ్యాసు ఎంత ఎక్కువైతే మూత అంత బిగుస్తుంది. క్లిప్పు సీసాలో సంగతి తలకిందులు. గ్యాసు మూతను ఊడదీయాలని చూస్తుంది, తీగ ఆపుతుంది, ఆ రెండింటి మధ్య నలుగుతూ సందు మూసేది రబ్బరు వాచరు. గోళీ సీసాను తలకిందులుగా తిప్పి యంత్రంతో నింపాలి కనుక ఇంట్లో పులియబెట్టే పనికి అది కుదరదు, లేకపోతే నేను దాన్నే ఎంచుకునేవాడిని.

ఇంగ్లండు వంటకాలలో సీసాలను వారం పది రోజులు గదిలో ఉంచమని రాస్తారు. వారి జూన్ పగటి వేడి 20 డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది. మనకు రోళ్లు పగిలే రోహిణీ కార్తెలో అదే పని చేస్తే సీసాలు కూడా పగులుతాయి. వేసవిలో నా ప్లాస్టిక్ సీసా ఒక రాత్రికే రాయిలా అవుతుంది, రుచిలో పువ్వు కంటే ఈస్టే ముందు తగులుతుంది. వారి జూన్ మనకు ధనుర్మాసంలో వస్తుంది. రాత్రులు 18, 20 డిగ్రీలకు దిగి, పగలు 30 దాటని ఆ రోజుల్లో పానీయం నెమ్మదిగా పులిసి, వాసన నిలుపుకుని, తేటగా తయారవుతుంది. అందుకని నేను ఏటా పెద్ద బిందె పెట్టేది సంక్రాంతి ముందే.

అలాంటి ఒక సంక్రాంతికి మా అన్నయ్యగారి అల్లుడు భీమవరం నుంచి వచ్చాడు. పెళ్లయిన తరువాత వచ్చిన మొదటి పండుగ, కనుక మర్యాదలు ఏ స్థాయిలో ఉంటాయో గోదావరి జిల్లాలవారికి చెప్పనక్కరలేదు. ప్లాస్టిక్ సీసా ఎప్పటిలాగే అదనుకు గట్టిపడింది, అన్నిటినీ ఎప్పటిలాగే ఫ్రిజ్‌లో పెట్టాను. కనుమ నాడు భోజనాలయ్యాక, పూతరేకుల పళ్లెం పక్కన గాజు గ్లాసులు వరసగా పెట్టించి, మొదటి సీసా తీశాను. తీగ మొండికేయలేదు. వేలు తగలగానే వదులుగా జారిపోయింది. చప్పుడు లేదు. గ్లాసులో పోస్తే అడుగు నుంచి రెండు మూడు బుడగలు లేచి అవీ ఆగిపోయాయి. రెండో సీసా అంతే, మూడోదీ అంతే. అల్లుడు ఒక గుక్క తాగి, "బాగుందండి చిన్న మామయ్యగారూ, పానకంలా చల్లగా ఉంది" అన్నాడు. ఇంతకంటే మర్యాదగా ఒక పానీయాన్ని కొట్టిపారేయడం ఎవరికీ సాధ్యం కాదు. మా ఆవిడ వంటింటి గుమ్మంలోంచి, "ఏవండీ, ఆ ప్లాస్టిక్ సీసా ఉంది కదా, అది తీయండి" అంది. తీశాను. బుస్సుమని నురుగు గ్లాసు అంచు దాటి పళ్లెంలోకి దిగి, పూతరేకులను కొంచెం తడిపింది కూడా. పండుగ పరువు నిలిపింది చెత్తలో వేయవలసిన ఆ సీసాయే.

ఒకే బిందెలో నుంచి, ఒకే రోజున, ఒకే చోట నింపిన వాటిలో ఒకటి నురుగు కక్కి తక్కినవి చప్పబడ్డాయంటే ఈస్టును గాని చక్కెరను గాని చలిని గాని అనడానికి లేదు. పండుగ హడావిడి తగ్గాక సైకిలు షాపులో ట్యూబుకు చేసే పరీక్షే చేశాను. ఒక సీసాలో కొత్తగా పంచదార నీళ్లూ ఈస్టూ పోసి, మూత బిగించి, మర్నాడు మూత మునిగేదాకా బకెట్టు నీటిలో నిలువుగా ముంచాను. తీగ కీలు ఉన్న వైపున, మూతకూ గాజుకూ మధ్య నుంచి, ఆవగింజ కంటే చిన్న బుడగలు ఒకదాని వెనుక ఒకటి దారం కట్టినట్టు పైకి వస్తున్నాయి. నాలుగు సీసాలకు అదే తీరు, అదే వైపు. వాచరు ఊడదీసి రెండు వేళ్ల మధ్య వంచితే అంచు వెంట వెంట్రుకంత సన్నని పగుళ్లు తెరుచుకున్నాయి. కీలు వైపు ఒరుసుకునే చోట అది అరిగి పలచబడింది, మిగిలిన చోట బిగుసుకుపోయి, నొక్కితే గోరు గుర్తు కూడా పడటం లేదు.

రబ్బరుకు వేడి పడదు. ఎడతెగకుండా అదిమి ఉంచితే నలిగిన ఆకారంలోనే ఉండిపోయి, మళ్లీ పొంగి సందు మూయలేదు. మూత బిగించి అటక మీద పెట్టుకోండని సీసాలతో వచ్చిన కాగితమే చెప్పింది. వేసవి అంతా మా పెంకుటింటి అటక మీద ఉన్న వేడిలో ఆ ఎర్ర రబ్బరు ఎలా ఉండాలో అలాగే అయింది. దానికి తోడు ఫ్రిజ్ చలికి పాత రబ్బరు ఇంకా బిగుసుకుంటుంది. సీసా పగలకపోవడానికి మూత గొప్పతనమే కారణమని నేను కొందరితో అన్న మాటను ఇప్పుడు కొంత సవరించుకోవలసి వస్తోంది. కొన్నిసార్లు గ్యాసు మెల్లగా జారిపోతూ ఉండటమే కారణం కావచ్చు. మూత కారుతుంది కనుక ప్రమాదం లేదని మాత్రం ఎవరూ అనుకోకూడదు. మెత్తగా ఉన్న కొత్త వాచరు గ్యాసును చుక్క కూడా వదలదు.

అమ్మినవారికి రాస్తే వాచర్లు విడిగా అమ్మరట, సీసాల సెట్టు మళ్లీ కొనుక్కోమన్నారు. వందల రూపాయల గాజు చెక్కు చెదరకుండా ఉండగా, నాలుగు రూపాయలు చేయని రబ్బరు కోసం దాన్ని పారేయమనడం ఏమి వ్యాపారమో నాకు అర్థం కాలేదు. ఏటా మార్చవలసిన వస్తువును విడిగా అమ్మకపోవడం ఈ సీసాలలో నేను చూసిన అతి పెద్ద లోపం.

చివరికి వేరేచోట సిలికాన్ వాచర్లు దొరికాయి. మొదట వచ్చినవి లోపలి రంధ్రం పెద్దవై మూత మెడ మీద తిరుగుతూ ఉండిపోయాయి. కొనేముందు బయటి వ్యాసమే కాక లోపలి రంధ్రాన్నీ మందాన్నీ స్కేలుతో కొలుచుకోవాలి. సరిపోయినవి మాత్రం వేడికి లొంగవు, పగలవు. వాటిలో ఇంకో సంగతి ఉంది. సిలికాన్ గుండా కార్బన్ డయాక్సైడు మామూలు రబ్బరు కంటే ఎన్నో రెట్లు సులువుగా పాకిపోతుంది. పగులు లేకపోయినా, మూత ఎంత బిగించినా, నెలల తరబడి నిలవ ఉంచితే గ్యాసు తగ్గుతుంది. పది పదిహేను రోజుల్లో తాగేసే మా ఇంట్లో ఆ తేడా నాకు కనబడలేదు. ఏడాది దాచుకుని తాగుదామనుకునేవారికి ఎర్ర రబ్బరే మేలు, కాకపోతే ప్రతి బిందెకూ ముందు వంచి చూసుకోవాలి. ఇప్పుడు నేను ఖాళీ సీసాలను మూత తెరిచే ఉంచుతున్నాను, వాచర్లు ఊడదీసి పువ్వు డబ్బా పక్కనే చీకట్లో పెడుతున్నాను. తరువాతి సంక్రాంతికి తీగ మళ్లీ మొండికేసింది. అల్లుడు ఆ ఏడు తన గ్లాసు తానే నింపుకున్నాడు.

కొనవచ్చా అని అడిగితే, అది మీరు చేసే పానీయాన్ని బట్టి ఉంటుంది. పులియబెట్టకుండా సిరప్పు మాత్రమే చేసుకునేవారికి ఈ సీసాలు దండగ. మా అత్తయ్యగారు పులిసినది ముట్టరు, అందులో కొద్దిగానైనా ఆల్కహాలు పుడుతుంది కనుక ఆమె పట్టుదల న్యాయమే. ఆమె కోసం చేసే సిరప్పు ఉడికించి కడిగిన పాత సాస్ సీసాలో ఎంచక్కా నిలవ ఉంటోంది. ఫ్రిజ్‌లో నిలువుగా అరడజను సీసాలకు జాగా లేని ఇంటివారు, మన ఎండల్లో వేసవి బిందె పెట్టాలనుకునేవారు ప్లాస్టిక్ సీసాతోనే సరిపెట్టుకోవడం క్షేమం, అందం లేకపోయినా. నాలాగా చలికాలంలో మాత్రమే చేసి, చుట్టాల ముందు టప్పుమనిపించాలనే సరదా ఉన్నవారు కొనుక్కోవచ్చు, విడి వాచర్లు అమ్మే దుకాణం చూసుకుని.