పసుపు కాగితమా, మందార రసమా?
గుంటూరులో బడిపిల్లలకు ఆమ్లమేదో క్షారమేదో రంగు మారి చూపే లిట్మస్ కాగితం దొరకకపోయినా దిగులు లేదు. దుగ్గిరాల పసుపు ఉంది, పెరట్లో ఎర్ర మందార ఉంది.

పసుపు నీళ్లలో వడపోత కాగితం ముంచి ఆరబెట్టి, వెలుతురు తగలకుండా దాస్తే చాలా రోజులు పనికొస్తుంది. సున్నపు తేట, సబ్బు నీళ్లు లాంటి క్షారాలు తగిలితే ఎర్రబారుతుంది; పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రగా వచ్చేదీ ఇందుకే. కానీ నిమ్మరసం పోసినా, ఉప్పునీళ్లు పోసినా పసుపుగానే ఉంటుంది. ఆమ్లమేదో తటస్థ లవణ ద్రావణమేదో చెప్పలేదు. నా దృష్టిలో ఇది పెద్ద లోటే.

మందార రేకల్ని వేడినీళ్లలో నానబెట్టిన రసం ఆమ్లం, క్షారం, తటస్థ ద్రావణం మూడింటినీ విడదీస్తుంది: నిమ్మరసంలో ముదురు గులాబీ, సున్నపు తేటలో ఆకుపచ్చ, ఉప్పునీళ్లలో మార్పుండదు. నిల్వ ఉంచితే త్వరగా పాడవుతుంది. తరగతిలో ఒక్కటే చూపించాలంటే మందారే చూపించండి, రసం మాత్రం ఆ పూటే తీయండి.