బొమ్మలాటకి తిరగేసి వెళ్ళాం: ఒసాకా, అవాజి, తొకుషిమా

ఒసాకాలో మొదటి పూటే మా వదిన నిద్రపోయింది. టికెట్టు ఒక్కొక్కటి ఆరు వేల యెన్ పైనే. మా పక్క సీట్లో పెద్దావిడ చేతిరుమాలుతో కళ్ళొత్తుకుంటోంది. ఈవిడేమో నా భుజం మీద తల వాల్చేసింది. తప్పు వదినది కాదు, ప్లాను వేసింది నేను. ముందు పెద్ద హాలు, ఆ తర్వాత చిన్న ఊళ్ళు అనుకున్నాను. తిరగేసి వెళ్ళాల్సింది.

అన్నయ్య ఉద్యోగం కోబెలో. నవంబరులో నేను విజయవాడ నుంచి వెళితే అందరూ క్యోటోలో ఎర్రాకులు చూడమన్నారు. నాకు మాత్రం బున్‌రాకు, అంటే జపాన్ వాళ్ళ బొమ్మలాట, చూడాలని ఉంది. చిన్నప్పుడు అమ్మమ్మగారి ఊళ్ళో తెర ముందు చాప పరుచుకుని తోలుబొమ్మలాట చూసినదాన్ని. బొమ్మ ఏడిస్తే జనం ఎందుకు ఏడుస్తారో అప్పటి నుంచీ తేలని ప్రశ్న. వదినకి ఇలాంటివేం పట్టవు. "నువ్వెక్కడికంటే అక్కడికే, నాకు అన్నం దొరికితే చాలు" అంది. ఆవిడ శాకాహారి. జపాన్‌లో ఆ మాట ఎంత బరువైనదో తర్వాత చెబుతాను.

ఒసాకా నిప్పొన్‌బాషి స్టేషన్ దగ్గర ఉంది జాతీయ బున్‌రాకు థియేటర్. 1984లో తెరిచారు. ఏడు వందలకు పైగా సీట్లు. ఏడాది పొడవునా ఆటలుండవు. జనవరి, ఏప్రిల్, వేసవి, నవంబరు ప్రధాన సీజన్లు. జూన్‌లో కొత్తవాళ్ళకి వివరించి చెప్పే ప్రదర్శనలు పెడతారు. తేదీలు చూసుకోకుండా విమానం టికెట్లు కొంటే తాళం వేసిన హాలు చూసి రావాల్సిందే. ఇంకో సంగతి, ఆన్‌లైన్‌లో టికెట్ కొనబోతే ఒక సైటు మా ఇండియా కార్డుని మూడుసార్లు తిప్పికొట్టింది. చివరికి అన్నయ్య కార్డుతో కొన్నాం. అక్కడ ఎవరైనా తెలిసినవాళ్ళుంటే మొదటే వాళ్ళకి అప్పజెప్పడం మేలు.

మేం చూసింది 'సొనెజాకి షింజూ'. చికమత్సు మొంజాయెమొన్ 1703లో రాసిన ఆట. సోయా సాస్ కొట్టు గుమాస్తా తొకుబేయి, ఒహత్సు అనే వేశ్య కలిసి ప్రాణాలు తీసుకోవడం కథ. అదే ఊళ్ళో నిజంగా జరిగిన ఘటన. జరిగిన నెల రోజుల్లోనే స్టేజీ ఎక్కించాడట. లోపల ఇంగ్లీషులో కథ సారాంశం ఉంటుంది. స్టేజీ పైన పదాలు కూడా వేస్తారు కానీ అవి జపనీసులోనే.

తెర తీసిన పావుగంటకి నాకు తల తిరిగిపోయింది. ఒక్కో బొమ్మకి ముగ్గురు మనుషులు. తల, కుడి చెయ్యి పెద్దాయనవి. ఎడమ చెయ్యి ఇంకొకడిది. కాళ్ళు మూడోవాడివి. పెద్దాయన ముఖం కనిపిస్తుంది, మిగతా ఇద్దరూ నల్ల ముసుగుల్లో ఉంటారు. బొమ్మని చూడాలా, మనుషుల్ని చూడాలా? కుడివైపు తిరిగే వేదిక మీద కథ చెప్పే గాయకుడు, షామిసెన్ అనే తీగల వాద్యం వాయించే ఆయన. గాయకుణ్ణి తాయు అంటారు. ఆడా మగా పిల్లా ముసలీ అందరి గొంతులూ ఆయనే. మొదలుపెట్టే ముందు పుస్తకాన్ని రెండు చేతుల్తో నుదుటి దాకా ఎత్తి దణ్ణం పెట్టాడు. అది చూసి వదిన "మనలాగే" అంది. ఆ పూట ఆవిడ మాట్లాడిన చివరి మాట అదే.

తాయు కడుపుకి గట్టిగా నడికట్టు బిగించి, బట్టల్లో ఇసుక నింపిన చిన్న సంచి దోపుకుంటాడు. ఊపిరి పొట్టలోంచి రావాలని. ఈ సంగతులు నాకు ముందే తెలిసి ఉంటే ఆ గొంతు వేరేలా వినిపించేది. కింది అంతస్తులో ఉచితంగా చూసే ప్రదర్శన గది ఉంది, బొమ్మలూ పనిముట్లూ అన్నీ అందులో పెట్టారు. మేం ఆట అయ్యాక వెళ్ళాం. మీరు గంట ముందే వెళ్ళండి.

రెండు రోజుల తర్వాత కారు అద్దెకి తీసుకుని అవాజి దీవికి బయల్దేరాం. వదినకి జపాన్ లైసెన్సు ఉంది. లేనివాళ్ళు మన దగ్గర ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకుని వెళ్ళినా చెల్లుతుంది, పైగా అక్కడా ఎడమవైపే నడుపుతారు. టోల్ ఛార్జీలు మాత్రం గుండె పట్టుకునేలా ఉంటాయి. కారు వద్దనుకుంటే కోబె సన్నొమియా నుంచి ఫుకురాకి బస్సులున్నాయి. అకాషి వంతెన మీద కాసేపు ఇద్దరం నోరు మెదపలేదు. రెండు స్తంభాల మధ్యే 1,991 మీటర్లు.

ఫుకురా చిన్న రేవు ఊరు. చేపల పడవలు, వాటి పక్కనే సుడిగుండాలు చూపించే ఓడలు, ఆ ఓడల దగ్గరే అవాజి నింగ్యో-జా హాలు. ఇక్కడి బొమ్మలాటకి దాదాపు అయిదు వందల ఏళ్ళ చరిత్ర. ఒసాకాలో ఆటకి బున్‌రాకు అన్న పేరు రావడానికి కారణమైన ఉఎమురా బున్‌రాకుకెన్ కూడా ఈ దీవి నుంచి వెళ్ళినవాడే. అంటే నేను మనవడింట్లో భోంచేసి, తాతగారింటికి ఆలస్యంగా వచ్చానన్నమాట.

ఇక్కడ ఆట ముప్పావు గంట లోపే. హాలు చిన్నది, బొమ్మ కనురెప్ప కదిలినా కనిపిస్తుంది. మొదట ఎబిసు అనే చేపల దేవుడి నాట్యం. సాకే తాగుతాడు, తూలుతాడు, పడవెక్కి ఎర్రటి తాయ్ చేపని పడతాడు. మన కేతిగాడిని చూసినట్టే జనం నవ్వారు. చివర్లో తెరల విన్యాసం. బొమ్మలేసిన తలుపులు ఒకదాని వెనక ఒకటి పక్కలకి జారిపోతూ ఉంటే, ప్రతిసారీ ఇంకా లోపలికి ఇంకో గది కనిపిస్తుంది. చివరికి కనుచూపు మేర చాపలు పరిచిన మహలు. కథ లేదు, బొమ్మ లేదు, ఉత్త తలుపులే. వదిన చప్పట్లు కొట్టింది. ఆవిడ మెలకువగా ఉందని నాకు అప్పుడే రూఢి అయింది.

ఆట అయ్యాక ఒక కళాకారిణి ఆడబొమ్మని దగ్గరికి తెచ్చి చూపించింది. వదిన తనకొచ్చిన జపనీసులో ఏదో అడిగింది. ఆవిడ నవ్వి కిమోనో కుచ్చెళ్ళు ఎత్తింది. లోపల కాళ్ళు లేవు! ఆడబొమ్మలకి మామూలుగా కాళ్ళుండవట. కాళ్ళ మనిషి రెండు పిడికిళ్ళతో అంచుని లోపల్నుంచి పట్టుకుని, వేళ్ళతో నొక్కుతూ వదులుతూ నడక పుట్టిస్తాడు. బొమ్మ కూర్చుంటే అదే పిడికిలి మోకాలవుతుంది. వదిన చేత కూడా పట్టించింది. వదిన నడిపిస్తే బొమ్మ బస్సు పట్టుకోవడానికి పరిగెత్తుతున్నట్టుంది.

"పదేళ్ళు కాళ్ళు, పదేళ్ళు ఎడమ చెయ్యి" అని ఈ విద్యలో ఒక మాట. తల పట్టుకునే యోగం ఆ తర్వాతే. ఇంకోటి కూడా చూపించింది. బొమ్మ పెదవి మూలన, వెతికితే తప్ప కనపడనంత చిన్న సూది. ఏడుపు వచ్చినప్పుడు చేతి చెంగుని ఆ సూదికి తగిలిస్తారు. చెంగు పళ్ళతో కరిచి పట్టుకుని దుఃఖం ఆపుకుంటున్నట్టు కనిపిస్తుంది. ఒసాకాలో మా పక్కావిడ కళ్ళొత్తుకున్నది ఇలాంటి చోటేనేమో. నేను ఆ సమయంలో ముసుగువాళ్ళని లెక్కపెడుతున్నాను.

ఆ రాత్రి ఒక మిన్‌షుకులో బస. మన హోమ్‌స్టే లాంటిదే. చాపల గది, నేల మీద పరుపు, అందరికీ కలిపి స్నానాల గది. ఆరింటికి భోజనమంటే ఆరింటికే. శాకాహారమని వదిన వారం ముందే ఫోన్లో చెప్పింది. ఇంటావిడ పాపం చాలా శ్రద్ధ తీసుకుంది. ఉల్లిపాయ టెంపురా, టోఫు, అన్నం, ఊరగాయ ముక్కలు. అవాజి ఉల్లిపాయలకి పెట్టింది పేరు, పచ్చిగా తిన్నా తియ్యగా ఉంటాయి. అన్నీ బాగున్నాయి, సూప్ ఒక్కటే ఎండుచేప పులుసు. "చేప ముక్క వెయ్యలేదు కదా" అని ఆవిడ అమాయకంగా అంది. ఆ పులుసుని దాషి అంటారు, అక్కడ చాలామంది లెక్కలో అది చేప కిందకి రాదు. కాబట్టి "చేప వద్దు" అంటే సరిపోదు, "దాషి కూడా వద్దు" అని విడిగా చెప్పాలి. సంచిలో కందిపొడి ఉంది కాబట్టి గొడవ లేకుండా గడిచింది. బసకి నేను వేసే మార్కులు: శుభ్రతకి నూటికి నూరు, పరుపుకి ముప్పై అయిదు. నడుం నొప్పి ఉన్నవాళ్ళు మంచం ఉన్న చోటు చూసుకోండి. సుడిగుండాల ఓడ కూడా ఎక్కాం. పోటు వేళలు చూసుకోకుండా ఎక్కడం వల్ల మాకు దొరికింది కాస్త కలిపిన మజ్జిగ లాంటి సముద్రం.

దీవి అవతల ఇంకో వంతెన దాటితే తొకుషిమా. అవా జూరోబే యాషికి అనే పాత ఇంటి ఆవరణలో దాదాపు ప్రతిరోజూ ఆట ఉంటుంది. టికెట్టు ఒసాకా ధరలో పిసరంత. ఆడే ఘట్టం ఒకటే, 'కేసేయి అవా నో నారుతో'లోది. చిన్నపిల్ల ఒత్సురు అమ్మానాన్నల్ని వెతుక్కుంటూ యాత్రికురాలిగా ఒక ఇంటికొస్తుంది. ఆ ఇంటావిడే తల్లి. మొగుడు దొంగల్లో కలిసి తిరుగుతున్నాడు, నిజం చెబితే పాప మీదకీ ముప్పు వస్తుంది. అందుకని చెప్పదు. మీ నాన్న పేరేంటి, అమ్మ పేరేంటి అని అడిగి, తన పేరే పాప నోట విని, ముఖం తిప్పుకుంటుంది.

ఇక్కడి బొమ్మలు ఒసాకా బొమ్మల కన్నా పెద్దవి, ముఖాలు నిగనిగలాడతాయి. కారణం తేలికే. ఇవి గుళ్ళ దగ్గర ఆరుబయట స్టేజీల మీద ఆడేవాళ్ళు, దూరంగా కూర్చున్నవాళ్ళకీ కనపడాలి. ఆడేవాళ్ళు చాలామంది ఊళ్ళోవాళ్ళే, వేరే పనులు చేసుకుంటూ బొమ్మ పట్టేవాళ్ళు. చేతుల్లో ఒసాకా నేర్పు లేదు. ఒకచోట ఒత్సురు తల ఒక క్షణం ఆలస్యంగా తిరిగింది. అయినా తల్లి తలుపు దగ్గర ఆగి వెనక్కి చూసినప్పుడు వదిన చున్నీ అంచు పట్టుకుంది. నేను కావాలనే అటు చూడలేదు.

తల చెక్కే పని గురించి ఇక్కడే బాగా అర్థమైంది. చెక్క హినోకి, అంటే జపాన్ సైప్రస్ చెట్టుది. ముఖం చెక్కాక తలని ముందూ వెనకా రెండుగా చీల్చి, లోపల డొల్ల చేసి, కళ్ళూ కనుబొమలూ నోరూ కదిలే తీగలు బిగించి మళ్ళీ అతికిస్తారు. వెనక్కి లాగే స్ప్రింగు ఇనపది కాదు, తిమింగలం నోట్లో ఉండే బలీన్ పట్టీ. వంచితే వంగి, వదిలితే చప్పుడు లేకుండా వెనక్కొస్తుంది. పైన గుల్లల పొడిని జంతువుల జిగురులో కలిపి పూత మీద పూత వేసి నున్నగా రుద్దుతారు. కొండపల్లి బొమ్మకి చింతగింజల జిగురు రాయడం చూసినవాళ్ళకి ఈ ఓపిక కొత్త కాదు. గాబు అనే తల ఒకటుంది. అందమైన అమ్మాయి ముఖం. తాడు లాగితే నోరు చెవుల దాకా చీలి, కొమ్ములు లేచి రాక్షసి అవుతుంది. వదిన దాన్ని నాలుగుసార్లు చేయించుకుని చూసింది. ఈ ప్రాంతంలో పేరుపడ్డ శిల్పి తెంగుయా హిసాకిచి (1858–1943). ఆయన పనిచేసిన చోటుని మ్యూజియం చేశారు. మేం వెళ్ళేసరికి చీకటి పడుతోంది, కుదరలేదు. నవంబరు 3న ఇనుకాయి అనే పల్లె స్టేజీ మీద తలుపుల విన్యాసం జరుగుతుంది. దాన్నీ వారం తేడాతో పోగొట్టుకున్నాం. ఈ రెండింటి కోసమైనా తొకుషిమాలో రెండు రాత్రులు ఉండండి, మేం ఒక్కటే ఉన్నాం.

ఈ బొమ్మలకి డబ్బెక్కడిది అంటే నీలిమందు నుంచి. తొకుషిమా నీలి వర్తకులు దేశమంతా అమ్మి, ఆ సొమ్ములో కొంత ఆటల మీద పెట్టారు. మన కడప, నెల్లూరు వైపు పండిన నీలి మొక్కకీ దీనికీ చుట్టరికం లేదు, ఇది వేరే జాతి. ఐజుమిలో నీలి మ్యూజియం ఉంది, చేతిరుమాలు మనమే ముంచి రంగు వేసుకోవచ్చు. నాది మచ్చలు మచ్చలుగా వచ్చింది.

తిరుగు ప్రయాణానికి ముందు రోజు నిప్పొన్‌బాషిలోనే ఒక బిజినెస్ హోటల్లో దిగాను. సూట్‌కేసు తెరిస్తే బాత్రూమ్‌కి దాన్ని దాటుకుంటూ పోవాలి. కానీ నంబా దగ్గర, అక్కడి నుంచి విమానాశ్రయానికి నేరుగా రైలు, కాబట్టి ఆ ఇరుకు భరించవచ్చు. మధ్యాహ్నం థియేటర్ కౌంటర్‌కి వెళ్ళి అడిగితే ఒక్క అంకానికి టికెట్లున్నాయన్నారు. ధర చాలా తక్కువ. వదినకి ఫోన్ చేశాను. "మళ్ళీ అదేనా?" అంది. గంటలో కోబె నుంచి వచ్చేసింది.

ఒహత్సు అరుగు మీద కూర్చుని ఉంది. తొకుబేయి ఆ అరుగు కింద ఆమె కిమోనో అంచు చాటున దాక్కున్నాడు. అతన్ని మోసం చేసినవాడు ఎదురుగా కూర్చుని అతన్నే తిడుతున్నాడు. చావడానికి సిద్ధమేనా అని ఒహత్సు పైకి అడగలేదు, పాదంతో అడిగింది. కిమోనో కిందనుంచి తెల్లటి పాదం ఒకటి బయటికొచ్చింది. కింద ఉన్నవాడు దాన్ని రెండు చేతుల్తో పట్టుకుని తన గొంతు మీదుగా గీసుకున్నాడు.

వదిన నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఆడబొమ్మకి కాళ్ళుండవన్నారు కదా" అని గుసగుసగా అంది.

ఈ ఒక్క పాదం కోసమే పెట్టారు వదినా అన్నాను.