ఫ్రెంచ్ క్రియలతో కుస్తీ పడుతున్నారా? వర్డ్‌రెఫరెన్స్ ఓసారి చూడండి

కెనడా పీఆర్ (శాశ్వత నివాసం) పాయింట్ల కోసం ఫ్రెంచ్ మొదలుపెట్టిన మనవాళ్లు ముందుగా అడిగేది ఏ యాప్ మంచిదని. యాప్‌ల సంగతి తర్వాత, వర్డ్‌రెఫరెన్స్ అనే ఆన్‌లైన్ డిక్షనరీ సైటు ఎప్పుడూ తెరిచి ఉంచుకోండి. 1999 నుంచీ ఉంది, చూడ్డానికి పాతకాలం వాలకం, యాడ్స్ గోల కూడా ఉంది, కానీ క్రియని ఎలా వాడాలో ఇంత విడమరిచి చెప్పే ఫ్రీ సైటు నాకింకోటి కనపడలేదు.

సోర్తీర్ (బయటికెళ్లడం) అని కొట్టి చూడండి. మాటల్లో వాడే భూతకాలం పాస్సే కొంపొజేలో దీనికి సహాయక క్రియగా ఎత్ర్ (ఉండు) రావాలా, అవ్వార్ (కలిగి ఉండు) రావాలా అన్నది అందరికీ వచ్చే డౌటే. వెళ్లడం, రావడం లాంటివాటికి ఎత్ర్ అని ఓ లిస్టు బట్టీ పట్టిస్తుంటారు, అది సగమే నిజం. ఇక్కడ కర్మ లేని వాడుక, కర్మ ఉన్న వాడుక వేర్వేరు వరసల్లో, ఉదాహరణ వాక్యాలతో ఉంటాయి. నేను బయటికెళ్తే ఎత్ర్‌తో 'జ స్వీ సోర్తీ', చెత్తబుట్ట బయట పెడితే అవ్వార్‌తో 'జే సోర్తీ లా పుబెల్'. మోంతే (ఎక్కడం), దెసాంద్ర్ (దిగడం), రాంత్రే (తిరిగి లోపలికి రావడం) కూడా ఇదే దారి.

క్రియ పక్కన బాణం నొక్కితే రూపాలన్నీ ఒకే పేజీలో వచ్చి పడతాయి, కొత్తవాళ్లకి టెన్షన్ మొదలయ్యేది అక్కడే, ఎందుకంటే కబుర్లలో ఎవరూ వాడని పాస్సే సాంప్ల్ అనే ఇంకో భూతకాలం కూడా వాటి మధ్యలోనే ఉంటుంది. మొదట్లో దాని జోలికి పోకండి.

అసలు లోటు, తెలుగు లేదు. అర్థాలన్నీ ఇంగ్లీషు మీదుగానే రావాలి, దాంతో మాంకే (లేని లోటు తెలియడం), ప్లేర్ (నచ్చడం) లాంటి క్రియలు అనవసరంగా తికమక పెడతాయి. 'స మ ప్లే'ని 'ఐ లైక్ ఇట్' అనుకుంటే కర్త తారుమారైపోతుంది, అదే 'నాకిది నచ్చుతుంది' అనుకోండి, మాటకి మాట సరిపోతుంది. అలాగని అన్నిచోట్లా తెలుగు ఆదుకోదు. బస్సు 'కోసం' ఎదురుచూసే అలవాటుతో ఆతాంద్ర్ (ఎదురుచూడటం) తర్వాత 'పూర్' (కోసం) తగిలిస్తాం, ఫ్రెంచిలో అక్కడ ఏమీ అక్కర్లేదు, 'జాతాం ల బ్యుస్' అంతే. ఇలాంటివి సైట్లో ఉదాహరణలు చూస్తే ఇట్టే దొరికిపోతాయి.

ఉచ్చారణకి స్పీకర్ గుర్తు ఉంది కానీ, మాట విడిగానే వినిపిస్తుంది. వాక్యంలో మాటలు ఒకదానికొకటి అతుక్కునే లియేజోన్ దీంతో రాదు. దానికి ఫ్రాన్స్‌కి చెందిన ఆర్‌ఎఫ్‌ఐ రేడియో వాళ్లు తేలిక ఫ్రెంచిలో చదివే వార్తలు వినండి, అవీ ఫ్రీనే.