సరుకంతా పడమటికే: యూరోపా యూనివర్సాలిస్ 4తో ఏడేళ్ళు

రాజ్యాలేలే ఈ కంప్యూటర్ గేమ్ మీద నాకున్నది ఒకే ఒక్క కోపం. ట్రేడ్ మ్యాప్ తెరిస్తే, సరుకు ఎటు పోతుందో చూపే ఆ బాణాల మీద. ఏడేళ్ళలో 1,300 గంటలు దాటాయి, మధ్యలో పెళ్ళయింది, ఇల్లు మారాం, లాప్‌టాప్ ఒకసారి మార్చాను, ఆ బాణాలు మాత్రం ఒక్క అంగుళం కూడా పక్కకు తిరగలేదు.

1444లో మొదలవుతుందని, ఏ దేశాన్నైనా తీసుకుని ఆడొచ్చని, నేర్చుకోవడానికి ప్రాణం పోతుందని అందరికీ తెలిసిందే కాబట్టి అవన్నీ రాయను. మాది బందరు. గేమ్ కొన్న రోజు నేను మొదట చేసిన పని మ్యాప్‌ని జరుపుకుంటూ వెళ్ళి మా తీరాన్ని వెతుక్కోవడం. విజయనగరం కనిపించింది, రెండో దేవరాయలు గద్దె మీద ఉన్నాడు, పైన బహమనీలు. ఇక వేరే దేశం వైపు చూడాలనిపించలేదు. కొత్త రాజు రాగానే ఇష్టదైవాన్ని ఎంచుకోమని అడుగుతుంది చూడండి, గణేశుడా, శివుడా, విష్ణువా, సూర్యుడా అని, మొదటిసారి అది చూసి రాత్రి ఒంటిగంటకు ఒక్కడినే నవ్వుకున్నాను. (ఆ ముచ్చట ఉత్త గేమ్‌లో రాదు, విడిగా కొనాల్సిన ప్యాక్‌లో ఉందని తర్వాత తెలిసింది. ఆ ప్యాక్‌ల సంగతి ఎత్తితే ఇంకో సమీక్ష అవుతుంది.)

అప్పట్లో కనిపించిన ప్రతివాడికీ చెప్పాను, ఇది చరిత్ర నేర్పే గేమ్ అని. ఇద్దరు కొలీగ్స్ చేత కొనిపించాను కూడా. పర్షియన్ గల్ఫ్ వాకిట్లోని హోర్ముజ్ ఎక్కడుందో, ఎర్ర సముద్రం వాకిట్లోని ఏడెన్ ఎందుకంత ముఖ్యమో, మలక్కా జలసంధి ఎంత ఇరుకో నాకు బడిలో తెలియలేదు, ఇక్కడే తెలిసింది. ఆ మాట ఇప్పటికీ అంటాను, కాకపోతే కొంచెం గొంతు తగ్గించి అంటాను.

ఎందుకో చెప్తాను. ఇందులో వ్యాపారం ఒక కాలువల వ్యవస్థలాంటిది. ప్రపంచాన్ని కొన్ని ట్రేడ్ నోడ్‌లుగా, అంటే వ్యాపార కూడళ్ళుగా విడగొట్టారు, ఒక నోడ్ నుంచి ఇంకో నోడ్‌కి బాణాలు గీశారు. సరుకు విలువ ఆ బాణాల వెంబడే వెళ్తుంది. మనం మర్చెంట్‌ని పంపి అక్కడే వసూలు చేసుకోమనొచ్చు, లేదా ముందుకు తోయమనొచ్చు, వెనక్కి తిప్పడం మాత్రం ఎవరి తరమూ కాదు. ఆ బాణాలన్నీ పోయి పోయి చేరేది మూడు చోట్లకు: వెనిస్, జెనోవా, ఇంగ్లిష్ ఛానల్. ఆ మూడింటి నుంచి బయటికి వెళ్ళే దారి లేదు. కృష్ణా కాలువ శివారు భూములున్న మా వాళ్ళు ప్రతి ఏడూ చేసే ఫిర్యాదు పైవాళ్ళు నీళ్ళు మింగేస్తున్నారని. ఇక్కడ అంతా తలకిందులు, శివారు రైతుకి పంట, తూము దగ్గరున్నవాడికి ఎండిన మడి.

నా మూడో ఆటలో జరిగింది చెప్పాలి. ఐరన్‌మ్యాన్, అంటే పాత సేవ్‌కి వెనక్కి వెళ్ళడం కుదరదు. 1500 నాటికి బహమనీల పని అయిపోయింది, 1560 నాటికి దక్షిణమంతా నాదే. రాబడి చూస్తే నెలకు నలభై డకట్లు (గేమ్‌లో డబ్బు) కూడా లేవు. ఇంత నేల ఉంది, కోరమాండల్ (మన తూర్పు తీరం) నిండా వస్త్రాలు, కేరళ వైపు మిరియాలు, డబ్బు ఎటు పోతోంది? కన్యాకుమారి దగ్గరి నోడ్‌ మీద మౌస్ పెట్టి చదివితే తెలిసింది, సగానికి పైగా విలువ నా ముందు నుంచే ఏడెన్ వైపు, ఆఫ్రికా వైపు జారిపోతోంది. లాగుతున్నది పోర్చుగీసు, ఆటోమన్లు (టర్కీ సుల్తాన్లు). అక్కడ నాకు పంతం వచ్చింది. అంత పంతం పట్టాల్సింది కాదు.

ఏడెన్ పట్టుకుంటే ఈ కారడం ఆగుతుంది కదా అనుకున్నాను. పట్టుకున్నాను, 1587లో. ప్రధాన రేవును అక్కడికే మార్చాను, దానికి పోగేసుకున్న పాయింట్లు ఖర్చయ్యాయి, అయినా రాబడి ఎగిరి గంతేసింది. ఒక పదేళ్ళు పండగ. తర్వాత చూస్తే ఏడెన్ నుంచి అలెగ్జాండ్రియాకి కారుతోంది! అలెగ్జాండ్రియా ఆటోమన్ల చేతిలో ఉంది. సరే, దాన్ని కూడా అడ్డుకుందాం అని 1612లో సుల్తాన్ మీద యుద్ధం ప్రకటించాను. హంపీ రాజు నైలు నది ముఖద్వారం కోసం యుద్ధమేమిటి అని అప్పుడు ఎవరైనా అడిగి ఉంటే బాగుండేది. మా బావమరిది ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు, వెనక నిలబడి కాసేపు చూసి, “బావా, నువ్వు రాజ్యం ఏలుతున్నావా, పారిపోయిన గేదెని వెతుక్కుంటున్నావా?” అన్నాడు. నేను పట్టించుకోలేదు.

ఓడల్లో సైన్యాన్ని ఎక్కించి తీసుకెళ్ళాను, దిగిన చోట తిండి చాలక నెలనెలా మనుషులు తరిగిపోయారు, ఆటోమన్ల వెనక ఇంకో మూడు దేశాలు వచ్చి కలిశాయి. అప్పు మీద అప్పు. ఒక రాత్రి కూర్చుని చూస్తే వడ్డీయే రాబడి కన్నా ఎక్కువుంది. ఇంటి దగ్గర తిరుగుబాటుదార్లు కోటల చుట్టూ కూర్చున్నారు, మ్యాన్‌పవర్ సున్నా. దివాలా బటన్ నొక్కాను. అప్పులు పోతాయి, కానీ ఐదేళ్ళ పాటు సైనికుల్లో నిలబడే ధైర్యం ఉండదు, ఆ ఐదేళ్ళలో దాదాపు నూట డెబ్బై ఏళ్ళు కట్టింది ఊడిపోయింది. లాప్‌టాప్ మూసి వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తాగుతుంటే, మా ఆవిడ నిద్రమత్తులో “ఆఫీసులో ఏమైనా అయిందా?” అంది. రాజ్యం పోయిందని ఎలా చెప్పను.

ఓడిపోయినందుకు కాదు నాకు కడుపుమంట, తప్పు నాదే. ఆ తర్వాత కొన్నాళ్ళు ఆడకుండా అసలు చరిత్ర చదివాను, అక్కడ మొదలైంది. బందరుకు డచ్చివాళ్ళు 1605లో వచ్చారు, ఇంగ్లిష్‌వాళ్ళు 1611లో. ఏం తెచ్చారు? వెండి, బంగారం. వాళ్ళ సరుకుకి ఇక్కడ పెద్దగా గిరాకీ లేదు కాబట్టి గుడ్డ కొనాలంటే వెండి దించక తప్పలేదు. మన కలంకారీ, అద్దకం బట్టలు అక్కడ ఎంత పాకాయంటే బ్రిటన్‌లో చట్టాలు పెట్టి ఆపాల్సి వచ్చింది, 1700లో ఒకసారి, 1721లో ఇంకోసారి. అంటే సరుకు పడమటికి వెళ్ళిన మాట నిజమే, దానికి బదులు డబ్బు తూర్పుకి వచ్చింది. గేమ్‌లో సరుకూ డబ్బూ కలిసి ఒకే అంకె. ఆ అంకె పడమటికి వెళ్తే లాభం కూడా దాంతోనే వెళ్ళిపోతుంది, వెండి తిరిగి వచ్చే బాణం ఎవరూ గీయలేదు.

గుర్రాల సంగతి ఇంకా ఘోరం. విజయనగరం బతికిందే అరబ్బు దేశాల నుంచి, హోర్ముజ్ నుంచి భట్కళ్, గోవా రేవులకు ఓడల్లో వచ్చిన గుర్రాల మీద. రేవులు బాగుచేయమని, గుర్రాలూ ఏనుగులూ రత్నాలూ తెచ్చే వర్తకులను మంచి చేసుకోమని రాయలవారు పద్యాల్లోనే చెప్పారు. గేమ్‌లో హోర్ముజ్ నుంచి మన తీరానికి ఒక్క బాణం లేదు. రాయలవారు ఈ మ్యాప్ చూస్తే ఏమనేవారో.

ఇంకో పక్క కూడా చెప్పాలి. బాణాలు గుండ్రంగా తిరిగితే విలువ అక్కడక్కడే తిరుగుతూ లెక్క తెగదు, అందుకే ఒక వాలు పెట్టుకున్నారు, 2013 నాటి గేమ్‌కి అది తెలివైన పనే అని నాకూ తెలుసు. పైగా ఈ వ్యవస్థని అర్థం చేసుకున్నవాడికి ఇందులో ఉన్న మజా వేరు. నాలుగో ఆటలో నేను పడమటి వైపు చూడనేలేదు. తూర్పుకి వెళ్ళాను, మలక్కా, ఆ పైన మసాలా దీవులు. ఎగువ నుంచి వచ్చేదంతా మన నోడ్‌లోకి తోసుకుని, ఇక్కడి రేవులన్నీ మనవే చేసుకుని, తేలిక ఓడలు వందకు పైగా గస్తీకి పెడితే దిగువవాడు లాగడానికి ఏమీ మిగలదు. ఆనకట్ట కట్టినట్టే! 1650కి నెలకు మూడు వందల డకట్లు దాటాయి. కోరమాండల్ గుడ్డతోనే డచ్చివాళ్ళు ఆ దీవుల్లో మసాలాలు కొన్నారని చదివి ఉన్నాను కాబట్టి, ఈ ఆటలో మాత్రం చరిత్ర కాస్త దగ్గరగా అనిపించింది. అక్కడ కూడా మన గుడ్డ అటు వెళ్ళదు, వాళ్ళ లవంగాలే ఇటు వస్తాయి, సరే, అంతవరకు కళ్ళు మూసుకున్నాను. కాబట్టి పైన “ఎవరి తరమూ కాదు” అన్నది తిప్పడం గురించే, ఆపడం కుదురుతుంది.

మిగతా లోపాలు త్వరగా: 1700 దాటాక నా లాప్‌టాప్ మీద నెల గడవడానికి పట్టే టైమ్‌లో టీ కాచుకోవచ్చు. కొత్త ప్యాచ్ (గేమ్ అప్‌డేట్) వచ్చిన ప్రతిసారీ నడుస్తున్న ఆట చెడిపోతుందేమోనని టెన్షన్. పక్కదేశాలు కూటమి కట్టే పద్ధతి మాత్రం నాకు చాలా ఇష్టం, ఆశపోతుకి తగిన శాస్తి చేస్తుంది.

కొనాలా అంటే, నాకులాగా రాత్రిపూట తప్ప టైమ్ దొరకనివాళ్ళు, పిల్లలు చిన్నవాళ్ళున్నవాళ్ళు కాస్త ఆలోచించండి, వారానికి మూడు గంటలతో ఇది ఒంటికి పట్టదు. సేల్‌లో కొనండి, ప్యాక్‌లు అన్నీ ఒకేసారి కొనకండి. 2025లో ఐదో భాగం వచ్చింది, అది 1337లో మొదలవుతుంది, ఈ గట్టి బాణాలు తీసేసి మార్కెట్లు పెట్టారు. నా లాప్‌టాప్ దాన్ని మోయలేదు కాబట్టి దాని గురించి నేను మాట్లాడితే బాగుండదు.

గత నెల ఊరికే చూద్దామని వెనిస్ తీసుకున్నాను. కదలకుండా ఇంట్లో కూర్చున్నాను, కొన్ని ఓడలు కట్టాను, అంతే. ఎక్కడో మలక్కాలో, కోరమాండల్‌లో ఎవరో పండించిందీ నేసిందీ అన్ని బాణాలూ దాటుకుంటూ వచ్చి నా బొక్కసంలో పడుతోంది. ఏ మాటకామాట చెప్పుకోవాలి, చాలా హాయిగా ఉంది. బావమరిదికి ఇంకా చెప్పలేదు.