దిండి నుంచి అంతర్వేది దాకా, పోటు చూసుకుని తిరిగిన ఒక రోజు

కోనసీమలో గోదావరి ఒడ్డున ఉన్న దిండికి వెళ్లాలనుకునేవాళ్లు ముందు కనుక్కోవాల్సింది గది అద్దె కాదు. ఆ రోజు గోదావరికి పోటు ఎన్ని గంటలకు ఎక్కుతుందో కనుక్కోవాలి. సముద్రం దగ్గరే కాబట్టి ఇక్కడ వశిష్ఠ పాయలో రోజుకు రెండుసార్లు నీరు పెరుగుతుంది, అది పోటు. రెండుసార్లు తీస్తుంది, అది పాటు. ఆ వేళ కూడా ఏ రోజుకారోజు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. అమావాస్యకీ, పౌర్ణమికీ పోటు జోరు ఇంకా ఎక్కువ. మేము దిగబోయే ఇంటి బాబాయిగారు ఫోన్‌లోనే ఈ సంగతి చెప్పి, "మీరొచ్చే రోజు తెల్లారగట్ల పోటండి, మధ్యాహ్నం పాటండి. పొద్దున నావ పెట్టుకోండి, అంతర్వేది మాపటికి పెట్టుకోండి" అన్నారు. ఆ ఒక్క మాట మీద రోజంతా చక్కగా సాగింది.

దీవి అనగానే చాలామందికి అండమాన్ గుర్తొస్తుంది. కోనసీమ కూడా దీవే. ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమిగా, వశిష్ఠగా చీలుతుంది. ఆ రెండు పాయల నడుమ నేల కోనసీమ, దక్షిణాన బంగాళాఖాతం. మధ్యలో వైనతేయ ఇంకో పాయగా విడిపోయి సముద్రంలో కలుస్తుంది. వంతెనలు రాకముందు ఇక్కడివాళ్లు ఏ పని మీద వెళ్లాలన్నా రేవు దాటాల్సిందే. అందుకే నీటి మీద తిరగకుండా కోనసీమ చూశామంటే నాకు నమ్మబుద్ధి కాదు.

బస గురించి మేమిద్దరం చాలా ఆలోచించాం. పర్యాటక శాఖవారి హరిత కోకోనట్ కంట్రీ రిసార్ట్ సరిగ్గా నది ఒడ్డునే ఉంది. చోటు మాటకొస్తే దానికి వంక పెట్టలేం. చిన్నపిల్లలతో, పెద్దవాళ్లతో వచ్చేవాళ్లకు అదే సుఖం. వారాంతాల్లో, సంక్రాంతి రోజుల్లో మాత్రం ముందే బుక్ చేసుకోకపోతే గది దొరకడం కష్టం. మా ఆయన హౌస్‌బోటు అన్నారు. ఒకటి లోపలికి వెళ్లి చూశాం. గది బాగానే ఉంది, పడక బాగుంది. కానీ రాత్రి ఒడ్డుకు కట్టేస్తారు, ఏసీ కోసం జనరేటర్ మోగుతూనే ఉంటుంది. నది మీద పడుకున్నట్టు కాదు, నది పక్కన ఒక లాడ్జిలో పడుకున్నట్టు ఉంటుందని నాకు అనిపించింది. పగటిపూట భోజనంతో రెండు మూడు గంటలు తిప్పే హౌస్‌బోటు అయితే ఎంచుకోవచ్చు. కొబ్బరి తోటల మధ్య నింపాదిగా భోంచేయడం బాగుంటుంది.

మేము చివరికి తోటలో ఉన్న పాత మండువా ఇంట్లో దిగాం. ఏసీ లేదు, బాత్‌రూమ్ కాస్త దూరం. ఈ రెండూ కుదరనివాళ్లు రిసార్టుకే వెళ్లడం మంచిది. మాకు మాత్రం పిన్నిగారి వంట, బాబాయిగారి సలహాలు ఏ ప్యాకేజీలోనూ దొరకనివి. పొద్దున్నే మినపరొట్టె చెరుకు పానకంలో నంజుకుని తినడం మా ఆయనకు కొత్త. మధ్యాహ్నం పనసపొట్టు కూర, రొయ్యల ఇగురు. పులస అడిగితే పిన్నిగారు, "వరద నీరొచ్చినప్పుడు రండమ్మా, ఇప్పుడు పులసని చెప్పి పెట్టేది పులస కాదు" అన్నారు. జులై, సెప్టెంబరు మధ్య ఎర్రనీరు వచ్చినప్పుడు సముద్రం నుంచి ఎదురీదుకుంటూ వచ్చే చేప అది. మిగతా నెలల్లో హోటల్ మెనూలో ఆ పేరు కనిపిస్తే తొందరపడొద్దు.

తెల్లవారుజామున ఇంకా చీకటి ఉండగానే రేవుకి వెళ్లాం. నావ చిన్నది, ఇంజను లేదు. నడిపే ఆయన చేపలు పట్టే మనిషి. మా కోసం రెండు లైఫ్ జాకెట్లు ముందే తెచ్చి పెట్టుకున్నాడు. అవి తొడుక్కుని బకిల్ పెట్టుకునేదాకా కదల్లేదు. "పోటుతో పైకెళ్దామండి, పాటుతో దిగొచ్చేద్దామండి. మధ్యలో నీరు నిలబడతాది, అప్పుడు మీరు తెడ్డెయ్యండి, ఆయ్" అన్నాడు. చెప్పినట్టే జరిగింది. వెళ్లేటప్పుడు తెడ్డు దిశ మార్చడానికే కానీ బలం పెట్టాల్సిన అవసరం రాలేదు, నీరే మోసుకెళ్లింది. లంకల (నది మధ్య దిబ్బల) అంచున కొంగలు, లకుముకి పిట్టలు, వలలు విప్పుతున్న మనుషులు. పోటు నిండి నది కాసేపు అటూ ఇటూ కదలకుండా ఉన్నప్పుడు తెడ్డు మా చేతికిచ్చాడు. అది చూసినంత తేలిక కాదు. నావ ముక్కు ఒక వైపు తిప్పితే తోక ఇంకో వైపు లాగుతుంది. ఇద్దరం కలిసి ఒక లయలో వేయడం కుదిరాక మాత్రం భలే ఉత్సాహం వచ్చింది. చేతులు నొప్పి పుట్టినా దిగాలనిపించలేదు. ఈ రోజు మొత్తంలో డబ్బుకి తగిన విలువ దీనికే దొరికింది.

ఒక ప్రైవేటు రిసార్టులో స్పీడ్‌బోటు కూడా ఉంది. మా ఆయనకు వేగం ఇష్టం, అందుకే అక్కడికీ వెళ్లాం. జాకెట్లు అడిగితే బెల్టు తెగినది ఒకటి, పిల్లల సైజుది ఒకటి ఇచ్చారు. "ఐదు నిమిషాలే కదండీ, ఏం కాదు" అన్నారు. మేము ఎక్కలేదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగిపోయింది. పదుల ప్రాణాలు పోయాయి. అది జరిగింది ఇదే గోదావరిలో, ఇక్కడికి ఎగువన. తర్వాత కూడా ఏం కాదులే అనే మాట రేవు దగ్గర వినిపిస్తే నాకు కోపం, బాధ రెండూ వస్తాయి. సరిగ్గా సరిపోయే జాకెట్ ఇవ్వకపోతే డబ్బు వెనక్కి అడిగి దిగిపోండి. మొహమాటపడొద్దు. ఆ స్పీడ్‌బోటుకి అడిగిన దాంట్లో సగం కూడా మా నావకు కాలేదు.

టిఫిన్ తర్వాత బాబాయిగారి పాత సైకిళ్లు తీసుకుని కాలువ గట్టు పట్టుకున్నాం. గేర్లు లేవు, సీటు గట్టి, అయినా దారంతా నీడే కాబట్టి హాయిగా సాగింది. 1852లో కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేయకపోతే ఈ కాలువలు లేవు, ఈ గట్లూ లేవు. ఒక చోట కొబ్బరి దింపు జరుగుతోంది. దింపు కార్మికుడు చెట్టెక్కే వేగం చూసి మా ఆయన సైకిల్ ఆపేశారు. ఆ రైతు మాకు బొండాలు కొట్టించి ఇచ్చి, తోటలో పొట్టి చెట్ల వరుసలు చూపించారు. 1996 నవంబరు తుఫానుకి పాత చెట్లు కూలిపోయిన చోట కొత్తగా వేసినవట. అప్పటి సంగతి చెబుతూ ఆయన గొంతు తగ్గిపోయింది. డబ్బు తీసుకోవడానికి ఎంతకీ ఒప్పుకోలేదు. ఇంకాస్త ముందుకెళ్తే తోటలు తగ్గి రొయ్యల చెరువులు మొదలయ్యాయి. చెరువు నీటికి గాలి పట్టించే ఏరియేటర్ల చప్పుడు, వాసన, గట్టు మీద ఉప్పు పేరుకున్న మట్టి. అటువైపు సైకిల్ తొక్కడంలో ఆనందం లేదు, తోటలున్న వైపే ఉండండి. ఏప్రిల్, మే నెలల్లో డెల్టా కాలువలకు నీళ్లు ఆపేస్తారు. అప్పుడు వస్తే గట్టు పక్కన బురద తప్ప ఏమీ కనిపించదు.

మధ్యాహ్నం ఎండ తగ్గాక స్కూటీ మీద మలికిపురం, సఖినేటిపల్లి మీదుగా అంతర్వేది వెళ్లాం. లక్ష్మీనరసింహస్వామి దర్శనం త్వరగానే అయింది. మాఘ శుద్ధ దశమి రాత్రి స్వామి కల్యాణం, మర్నాడు భీష్మ ఏకాదశికి రథోత్సవం జరుగుతాయి, ఆ రోజుల్లో జనం విపరీతం. తీర్థం (జాతర) చూడాలనుకుంటే అప్పుడే వెళ్లాలి, ఇద్దరూ తీరిగ్గా తిరగాలంటే మాత్రం ఆ రోజులు వదిలేయాలి.

అసలు మేము వెళ్లింది అన్నాచెల్లెళ్ల గట్టు కోసం. వశిష్ఠ సముద్రంలో కలిసే చోటది. పాటు వేళ కాబట్టి ఇసుక బాగా బయటపడింది. ఒక పక్క నది బూడిద రంగులో నెమ్మదిగా, ఇంకో పక్క కెరటాలు. ఈ చోట స్నానానికి దిగొద్దని మత్స్యకారులు గట్టిగా చెబుతారు, వినండి. పైకి ప్రశాంతంగా కనిపించే నీటి కింద లాగుడు ఎక్కువ. గట్టు మీద నడవడమే చాలు, కాళ్లకింద ఇసుక జారుతుంటే చేయి చేయి పట్టుకుని నడిచాం. ఇటీవల ఎవరో పారేసిన ప్లాస్టిక్ ప్లేట్లు, సీసాలు చూసి మనసు పాడైంది. ఇంత అందమైన చోట రెండు చెత్తబుట్టలు పెట్టినా ఎంతో మేలు. తర్వాత లైట్‌హౌస్ ఎక్కాం. మెట్లు ఇరుకు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు కష్టం. పైనుంచి నది ముఖద్వారం, సరుగుడు తోటలు, దూరంగా కొబ్బరి తోటలు ఒకేసారి కనిపిస్తాయి. ఫోటోల కోసం ఒక్క చోటుకే వెళ్లగలం అనుకుంటే ఇక్కడికే వెళ్లండి.

తిరుగు ప్రయాణంలో వచ్చిన దారినే రాలేదు. సఖినేటిపల్లి రేవులో పంటు (బళ్లనూ మనుషులనూ దాటించే పెద్ద పడవ) ఎక్కి నర్సాపురం వైపు దాటాం. పంటు మీద కార్లు, బైకులు, కూరగాయల గంపలు, కాలేజీ పిల్లలు అందరూ ఒకే చోట. టికెట్టు అతి తక్కువ, దాటేది కాసేపే, కానీ నది వెడల్పు ఎంతో అక్కడే తెలుస్తుంది. పక్కన నిలబడ్డ ఒక పెద్దాయన, "ఇక్కడ వంతెన వస్తే మాకు టైము కలిసొస్తాదమ్మా" అన్నారు. రోజూ దాటేవాళ్ల కష్టం ముందు మా సరదా ఎంత! వంతెన రావాలనే నేనూ కోరుకుంటున్నాను. పంటు చీకటి పడేలోగా పట్టుకునేలా చూసుకోండి, ఆఖరిది ఎప్పుడో వెళ్లేటప్పుడే రేవులో అడగండి. నర్సాపురం నుంచి పాలకొల్లు మీదుగా చించినాడ వంతెన దాటితే మళ్లీ దిండి.

మడ అడవులు చూడాలనుకునేవాళ్లు ఇదే రోజులో కోరింగను ఇరికించకండి. అది కాకినాడ వైపు, గౌతమి ముఖద్వారం దగ్గర. చెక్క వంతెన మీద నడవడానికీ, బోటు తిరగడానికీ అక్కడ కూడా పోటు ఉంటేనే అందం. నీరు తీస్తే బురద, పైకి పొడుచుకొచ్చిన శ్వాస వేర్లు కనిపిస్తాయి. నీటికుక్కల కోసం చూసేవాళ్లు తెల్లవారుజామున వెళ్లాలి. దానికి వేరే రోజు పెట్టుకుని కాకినాడలో బస చేయడం మేలు. రైల్లో వచ్చేవాళ్లకు దిండికి పాలకొల్లు దగ్గర స్టేషన్. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వాతావరణం బాగుంటుంది. నవంబరులో వచ్చేవాళ్లు మాత్రం తుఫాను హెచ్చరికలు చూసుకునే టికెట్లు తీసుకోండి.